సంక్రాంతి కల్చరల్స్ కన్వీనరుకు కరదీపిక

డిసెంబరు చివరి వారంలో అటెండరు వచ్చి "సార్, ప్రిన్సిపాల్ సారు మిమ్మల్ని రమ్మంటాండాడు" అన్నాడంటే సంగతి తెలిసిపోవాలి. పదోన్నతి కాదు, బదిలీ కాదు. ఈ ఏడు కాలేజీ సంక్రాంతి సంబరాలకు కన్వీనరు మీరే. ముగ్గుల పోటీ, బొమ్మల పోటీ, నాటిక, ఏకపాత్రాభినయం, కోలాటం, శిల్పకళా ప్రదర్శన, ముఖ్య అతిథికి శాలువా, అన్నీ సెలవులకు ముందు రోజు, ఒక్క పూటలో, మీ నెత్తిన.

కంగారు పడొద్దు. ఒళ్లు అలవకుండా, కళను కాలేజీ గేటు దాటి లోపలికి రానీకుండా, ఫైలు మాత్రం దిట్టంగా తయారయ్యేలా ఈ పని ఎట్లా గట్టెక్కించాలో వరసగా చెప్తాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ కాలేజీలోనైనా పనిచేస్తుంది. పాటించినవాళ్లలో ఒక్కరికి కూడా ఇంతవరకు మెమో రాలేదు.

1. ముందు ఫొటో, తర్వాతే పండగ.

ఫోనులో జీపీఎస్ కెమెరా యాప్ వేసుకోండి. మీ పనిలో సగం అక్కడితో అయిపోయినట్టే. కాలేజీకి గ్రేడు వేసే నాక్ బృందం మన పిల్లల పాట వినడానికి రాదు, ఫైలు తిరగేయడానికి వస్తుంది. ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. నంద్యాలైతే ఉత్తరం 15.4 చిల్లర, తూర్పు 78.4 చిల్లర. ఆ అంకెలున్న ఫొటోలో ఎవరు ఆడారు, ఎట్లా ఆడారు అని అడిగిన నాథుడు లేడు.

ఫొటోలన్నీ ఉదయం తొమ్మిదిన్నరకే తీసేయండి. అప్పటికి పూలు వాడవు, పట్టుచీరలు నలగవు, పిల్లలు పారిపోరు. కుర్చీలు నలభై మాత్రమే దగ్గర దగ్గరగా వేయించి, పక్క నుంచి, కింది నుంచి తియ్యండి. వేదిక మీద నుంచి తీశారా, వెనక ఉన్న ఖాళీ హాలంతా మీ కొంప ముంచుతుంది. కోలాటం ఫొటోకు కోలాటం అక్కర్లేదు. ఎనిమిది మంది అమ్మాయిలను గుండ్రంగా నిలబెట్టి "కర్రలు పైకెత్తండమ్మా, నవ్వండి" అంటే చాలు.

2. తేదీని తెలివిగా పెట్టండి.

సెలవులకు ముందు రోజే పెట్టాలి. పదింటికి అని ప్రకటించి పన్నెండింటికి మొదలుపెట్టాలి. హాస్టలు పిల్లలు బ్యాగులు సర్దుకునే వచ్చి ఉంటారు. ఒంటిగంటకు కోవెలకుంట్ల బస్సు, ఒంటిగంటన్నరకు ఆత్మకూరు బస్సు అని ఒక్కొక్కరే గోడ వెంబడి జారుకుంటారు. ఆపొద్దు. రెండింటికల్లా హాలు ఖాళీ అయితే మూడింటికల్లా మీరూ ఇంట్లో ఉంటారు.

ఇంకొక మెలకువ. 1985 నుంచి ఏటా జనవరి 12న వివేకానంద జయంతిని జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అది సెలవుల్లో పడిందని బాధపడేవాళ్లు అమాయకులు. సంబరాల రోజే, ఇదే వేదిక మీద, సంక్రాంతి ఫ్లెక్సీ దించి వివేకానందుడి ఫ్లెక్సీ కట్టండి. అదే అతిథి, అదే దీపం, అవే నలభై కుర్చీలు. ముందు వరసలో పిల్లల చొక్కాలు మార్పిస్తే ఇంకా మంచిది. తేదీ పడని మామూలు కెమెరాతో తీయాల్సింది ఈ ఒక్క ఫొటోనే.

3. వేదికను నింపండి, హాలు సంగతి దానికదే తేలుతుంది.

మన ఊరు రాజకీయంగా చిన్న ఊరేం కాదు. 1977లో రాష్ట్రంలో నలభై రెండు లోక్‌సభ స్థానాల్లో నలభై ఒకటి కాంగ్రెస్ పట్టుకుపోతే, మిగిలిన ఆ ఒక్కటీ నీలం సంజీవరెడ్డి గారికి ఇచ్చింది నంద్యాలే. ఆయన ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు గారికి 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చిందీ నంద్యాలే. ఇట్లాంటి చోట వేదిక మీద ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నదే అసలు కళ. దాని మీద రెండు రోజులు మీటింగులు పెట్టండి. పద్దెనిమిది కుర్చీలు వెయ్యండి. పద్దెనిమిది మందీ మాట్లాడాలి. ప్రతి ఒక్కరూ "సమయాభావం వల్ల రెండు మాటలే" అని మొదలుపెట్టి సాగదీసేలా చూడండి. కాళ్లకు గజ్జెలు కట్టుకున్న పిల్లలు ఆ సేపంతా వేదిక పక్కన నిలబడాలి. కూర్చుంటే గజ్జెలు మోగుతాయి, అతిథి గారి ప్రసంగం పాడవుతుంది.

4. ఎవరినీ పిలవొద్దు.

అహోబిలం స్వామిని చూసి నేర్చుకోండి, అంటే ఏం చేయకూడదో. ఆయన కనుమ నాడు పారువేటకు బయలుదేరతాడు. దాదాపు నలభై రోజులు పల్లకీలో ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన కల్యాణానికి, ఆ తర్వాతి బ్రహ్మోత్సవాలకు రమ్మని ఊరూరా తానే వెళ్లి పిలుస్తాడు. పల్లకీ దిగిన ఊళ్లో ఆ రోజే పండగ, కూతుళ్లు అల్లుళ్లు ఆ రోజుకే వస్తారు. ఒక్క ఉత్సవానికి జనాన్ని కూడగట్టడానికి సాక్షాత్తు దేవుడికే అన్ని రోజులు పడుతుంటే, మీరూ నేనూ ఎంత?

కాబట్టి ముందురోజు రాత్రి పదకొండున్నరకు క్లాసు వాట్సాప్ గ్రూపులో "రేపు కల్చరల్స్. అటెండెన్స్ కంపల్సరీ" అని ఒక్క ముక్క పెట్టి, ఎవరూ బదులివ్వకుండా గ్రూపుకు తాళం వేసేయండి. తల్లిదండ్రులను అసలు పిలవొద్దు. వాళ్లలో కొందరికి నిజంగా చెక్కభజన వచ్చు. తప్పుడు అడుగు పడితే కూర్చున్న చోటి నుంచే "అట్ల కాదు పాపా" అంటారు.

5. ముగ్గుల పోటీకి మంచి నేల ఇవ్వొద్దు.

నున్నటి బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన వరండా ఉంటే దాన్ని భోజనాలకు కేటాయించండి. ముగ్గులకు బైకులు నిలిపే చోటు చాలు. జట్టుకు నాలుగడుగుల చదరం గీసివ్వండి. పదిహేను చుక్కలతో మొదలై ఎనిమిదికి దిగే సందు చుక్క ముగ్గు వేద్దామని వచ్చిన పిల్ల, నడిమి వరస పెట్టేసరికే పక్క జట్టు గీత దాటాలి. దాటగానే "డిస్క్వాలిఫై" అని గట్టిగా అనండి. ముగ్గుపిండి సంచిని రాత్రి కుళాయి దగ్గర మరిచిపోండి. తడిసిన పిండి గడ్డలుగా పడుతుంది, ఎవరి గీత సన్ననిదో ఎవరూ చెప్పలేరు, పోటీలో సమానత్వం వస్తుంది.

ఇంత చేసినా ఒక ప్రమాదం మిగులుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని దారంలాగా వదులుతూ, మధ్యలో ఆగకుండా, ప్రతి చుక్కనూ చుట్టి వచ్చి మొదలైన చోటే గీతను కలిపేసే అమ్మాయిలు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు. శిరివెళ్ల పక్క పల్లెల నుంచో, రుద్రవరం పక్క నుంచో వచ్చినవాళ్లు; అవ్వ దగ్గర నేర్చుకున్న చెయ్యి. వాళ్ల చుట్టూ జనం మూగుతారు. జనం మూగితే పోటీ రెండు గంటలు సాగుతుంది. దీనికి తిరుగులేని మందు ఒకటి ఉంది. "ముగ్గులో సామాజిక సందేశం తప్పనిసరి" అని నిబంధన పెట్టండి. మెలికల ముగ్గులో సందేశం ఎక్కడుంటుంది? నీలంరంగుతో గుండ్రంగా ఒక భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, కింద "నీటిని పొదుపు చేయండి" అని రాసిన జట్టుకు మొదటి బహుమతి ఇచ్చేయండి. ఆ భూగోళం కోసం రెండు బకెట్ల నీళ్లు చల్లి నేల అలికారన్న సంగతి రిపోర్టులో రాయక్కర్లేదు.

6. గంగిరెద్దును గేటు దగ్గరే ఆపండి.

ధనుర్మాసం కదా, అసలు గంగిరెద్దులవాళ్లు ఆ రోజు రోడ్డు మీదే తిరుగుతుంటారు. సన్నాయి వినబడుతుంది. సెక్యూరిటీ అతనికి ముందే చెప్పి పెట్టండి: ఐడీ కార్డు లేనిదే ఎద్దును కూడా వదలొద్దని. లోపల మాత్రం గంగిరెద్దు ఉండాలి. ఫస్టియరు పిల్లలు ఇద్దరిని వంగోబెట్టి, పైన హాస్టలు దుప్పటి కప్పి, అట్టముక్కతో కొమ్ములు కట్టండి. బయట నిజమైన సన్నాయి మోగుతుంటే లోపల సెల్‌ఫోన్‌లో సన్నాయి రికార్డు పెట్టండి. రెండూ కలిసిపోతే బయటతన్ని పొమ్మనండి, మన రికార్డు సరిగ్గా వినబడటం లేదని.

హరిదాసు వేషానికి అక్షయపాత్ర దొరకదు. మెస్సులో సాంబారు గిన్నె తెప్పించండి. అసలు హరిదాసు ఇల్లు చేరేదాకా పాత్ర నేలమీద పెట్టడు. మీ హరిదాసు అయిదు నిమిషాలకొకసారి దింపి రీలు తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. ఆ రీలులో కాలేజీ పేరు వస్తుంది.

7. నాటికకు రిహార్సల్ వద్దు.

ఈ ప్రాంతంలో నాటిక కథ కోసం తిరగాల్సిన పని లేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉండగా వేరే కథెందుకు? అయితే ఒక జాగ్రత్త: అసలు కథ జోలికి పోవద్దు. తాతల నుంచి రావాల్సిన తవర్జీని (పింఛనును) కుంపిణీ ఎగ్గొట్టడం, ఊరి కాపలా కాసే కట్టుబడిదార్ల మాన్యాలు లాక్కోవడం, వాళ్లంతా వచ్చి ఈయన వెనక నిలబడటం, 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడటం, గిద్దలూరు వైపు పోరాటం, నల్లమలలో దాగడం, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో వేల మంది చూస్తుండగా ఉరి. తలను కోట మీద 1877 దాకా వేలాడదీసి ఉంచారు. జనం ఆ కథను పాటలు కట్టుకుని పాడుకున్నారు. ఇదంతా చదవడం మొదలుపెడితే పిల్లలు లైబ్రరీకి పోతారు, అక్కడి నుంచి కోవెలకుంట్లకు బస్సెక్కుతారు, ఊళ్లో ఆ పాట పాడే ముసలాయన ఎవరైనా దొరికితే అక్కడే కూర్చుంటారు. సెలవులు అయిపోతాయి. 2019లో సినిమా వచ్చింది కదా, ఫోనులో ఉంటుంది. క్లైమాక్సు ముక్క ఒకసారి చూపించండి, చాలు.

హీరో పాత్రకు గడ్డం, బుల్లెట్టు బండి ఉన్నవాణ్ని ఎంచుకోండి. నటన తర్వాత వస్తుంది, లేదా రాదు. అప్పటి బ్రిటిషు కలెక్టరు కాక్రేన్‌గా తెల్లగా ఉన్న ఇంజనీరింగు కుర్రాణ్ని పెట్టి "మేము నిన్ను ఉరి తీస్తామ్" అనిపించండి. బ్రిటిషువాళ్లంతా మకారం ఒత్తి పలుకుతారని మన నాటకరంగం ఏనాడో తేల్చేసింది.

మైకు ఒక్కటే ఉండాలి, కార్డ్‌లెస్సు. ఇందులోనే ఉంది అసలు మజా. నరసింహారెడ్డి కుడిచేత్తో కత్తి ఎత్తి ఎడంచేత్తో మైకు పట్టుకుని గర్జిస్తాడు. గర్జన అయ్యాక మైకును మర్యాదగా శత్రువుకు అందిస్తాడు. శత్రువు బెదిరించి మళ్లీ ఈయనకిస్తాడు. మెడకు ఉరి బిగుసుకున్నాక కూడా, కట్టేసిన చేతుల్లోంచే, పక్కనున్న తలారికి మైకు అందించి గానీ ప్రాణం వదలకూడదు. అంతలో బ్యాటరీ అయిపోతే ఇంకా మంచిది, మూకాభినయం కింద కూడా ఒక సర్టిఫికెట్టు రాసుకోవచ్చు. యువజనోత్సవాల నిబంధనల్లో మూకాభినయానికి అయిదు నిమిషాలు, స్కిట్‌కు పది, ఏకాంకికకు ముప్పై అని వేర్వేరు లెక్కలున్నాయి. మీ నాటిక ఒక్కటే మూడింటికీ సరిపోతుంది.

1885లో కడప జిల్లా సురభి ఊళ్లో కీచకవధతో మొదలైన నాటక సమాజం వాళ్లు తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే రోజూ సాధన చేస్తూ బతికారని ఎవరైనా తెలుగు మేడమ్ గుర్తుచేయొచ్చు. "అవును మేడమ్, అంత టైము మనకేదీ?" అని వాచీ చూసుకోండి.

8. ఏకపాత్రాభినయానికి దుర్యోధనుడు చాలు.

1977 జనవరి 14న, సంక్రాంతికే, దానవీరశూరకర్ణ విడుదలైంది. ఎన్.టి. రామారావు గారు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, దర్శకత్వమూ చేశారు. కొండవీటి వెంకటకవి గారు మాటలు రాశారు. అప్పటి నుంచి మన కాలేజీల్లో ఎంతమంది పేర్లిస్తే అంతమందీ దుర్యోధనులే. అందరూ ఒకే చోట ఊపిరి అందక ఆగుతారు. మార్కులు వేయడం ఎంత తేలిక! ఎవడైనా దారి తప్పి పద్యం ఎత్తుకున్నాడనుకోండి, శ్రీకృష్ణ రాయబారంలోదో, హరిశ్చంద్రుడి కాటిసీనులోదో, హార్మోనియం లేకుండానే శ్రుతి తప్పకుండా, వెనక వరసలో ఫోను చూసుకునేవాళ్లు తలెత్తుతారు. వెంటనే సౌండు అబ్బాయికి సైగ చేయండి. గుయ్యిమని ఒక కూత వస్తే చాలు, రాగం తెగుతుంది.

9. గురువును రానివ్వొద్దు, డీజేను పిలవండి.

చెక్కభజన అంటే ఏమిటో మీకు తెలియనిదా. గురువు పొలం పనులయ్యాక రాత్రిపూట గుడి ముందర కుర్రాళ్లను నిలబెట్టి, నెలల తరబడి అడుగు మీద అడుగు నేర్పి, గజ్జెపూజ చేసి గానీ ఊరి ముందుకు దించడు. చేతిలో చెక్క, కాలిలో గజ్జె, నోట్లో పాట మూడూ ఒక్క దెబ్బకు పడాలి. మీకున్నది రెండు రోజులు. పిల్లలు తెలివైనవాళ్లు, పెన్‌డ్రైవులో సినిమా పాట తెస్తారు. పాట మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది, అది ఆనవాయితీ. కోలాటం కర్రలకు పీవీసీ పైపు ముక్కలు కోయించండి. తగిలితే చప్పుడు రాదు. రాకపోతే ఏం, డీజే ఉంది కదా.

10. శిల్పిని సన్మానించండి, చెక్కనివ్వొద్దు.

ఇది ఆళ్లగడ్డ వైపు కన్వీనర్లకు ముఖ్యం. 40వ నంబరు జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డలో అడుగుపెట్టినవాడికి ముందుగా ఎదురయ్యేది గ్రైండరు మోత, తర్వాత దుమ్ము, ఆ దుమ్ములోంచి దేవుళ్లు. వినాయకుడు, వేంకటేశ్వరుడు, సగం చెక్కిన సింహం, ముఖం మాత్రమే పూర్తయిన నాయకుడు, అందరూ రోడ్డు పక్కన వరసగా నిలబడి లారీ కోసం చూస్తుంటారు. ఆ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న పనివాళ్లు ఇంత దగ్గర్లో ఉండగా పిలవకపోతే పేపరువాళ్లు అడుగుతారు. పిలవండి.

శిల్పి తెల్లచొక్కా వేసుకుని, సంచిలో రెండు ఉలులు, సుత్తి, చిన్న రాయి పట్టుకుని తొమ్మిదింటికే వస్తాడు. ముఖం పొడవును కొలతగా పెట్టుకుని విగ్రహం నిలువు తొమ్మిదింతలా పదింతలా ఎట్లా లెక్కగడతారో, రాయిని గీతలుగా ఎట్లా విడగొడతారో పిల్లలకు చేసి చూపిద్దామని ఆయన ఉద్దేశం. "దుమ్ము లేస్తుంది స్వామీ, అతిథి గారికి ఆయాసం" అని సంచి తీసి పక్కన పెట్టించండి. నాలుగో వరసలో కూర్చోబెట్టండి. పద్దెనిమిది ప్రసంగాలయ్యాక పిలిచి శాలువా కప్పండి. చేతిలో ఉలి పెట్టి, రాయికి తగలకుండా పట్టుకోమని ఫొటో తీయించండి. కిరాయి డబ్బులు అడిగే రకం కాదు, మీరు ఇవ్వాల్సిన పనీ లేదు. శాలువా ఇచ్చాం కదా.

శిల్ప ప్రదర్శనకు రాళ్లు మోయడం నడుముకు మంచిది కాదు. థర్మోకోలు తెప్పించి, సెగ తగిలించిన తీగతో కోయించి, బూడిదరంగు స్ప్రే కొట్టండి. అది నరసింహస్వామి అని తెలియడానికి కింద చీటీ అతికించండి. ఒకటే జాగ్రత్త, ఫ్యాను కింద పెట్టొద్దు. పెట్టారో, స్వామి స్తంభంలోంచి కాకుండా టేబుల్ మీంచి వెలుస్తాడు.

11. బొమ్మల పోటీ నలభై నిమిషాల్లో ముగించండి.

అప్పటికప్పుడు వేసే బొమ్మకు యువజనోత్సవాల్లో రెండున్నర గంటలిస్తారు. దండగ. అంశం మాత్రం ఘనంగా ఉండాలి: "నవనందులు". మహానంది కోనేరు వేయమనండి. అడుగున పడిన రూపాయి బిళ్ల పైకి కనబడేంత తేటనీళ్లు. ఆ తేటదనాన్ని కాగితం మీదికి తేవాలంటే నీటిరంగులు, ఓపిక, కొంచెం మౌనం కావాలి. మీరు క్రేయాన్లు ఇచ్చి, పక్క గదిలో డీజే టెస్టింగు పెట్టించండి. అందరూ గూగుల్‌లో దొరికిన ఒకే నందిని దించుతారు. చుట్టూ స్కేలుతో బార్డరు కొట్టినవాడికి ఫస్టు ప్రైజు.

12. జడ్జీలకు ముందు టిఫిను.

కెమిస్ట్రీ నుంచి ఒకరు, కామర్సు నుంచి ఒకరు, మూడోవారు ఆ పూట ఖాళీగా దొరికినవారు. పదింటికి వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టించండి. ఉగ్గాని తిన్నవాళ్లు ఎవరికీ తక్కువ మార్కులు వేయరు, రెండోసారి బజ్జీ వస్తే ఎవరికీ ఎక్కువా వేయరు. బహుమతుల జాబితా ఎట్లాగూ ముందురోజే టైపు అయి ఉంటుంది. అతిథికిచ్చే మెమెంటో మొదటి బహుమతి కంటే మూడింతలు పెద్దదిగా ఉండాలి. సర్టిఫికెట్లు పేరు రాయకుండా సంతకం పెట్టించుకోండి, మార్చిలో అడిగినవాళ్లకు పనికొస్తాయి.

13. సాకులు సిద్ధంగా ఉంచుకోండి.

కరెంటు పోయింది. అతిథి ఆలస్యం చేశారు. సెమిస్టరు పరీక్షలు మీద పడ్డాయి. టెంటు హౌసువాడు మోసం చేశాడు. బండలాగుడు పోటీలకు కుర్రాళ్లంతా వెళ్లిపోయారు. ఇవన్నీ చిల్లర సాకులు, పూటకొకటి వాడుకోవచ్చు. పెద్ద సాకు ఒకటుంది, దాన్ని హాలు ఖాళీ అయ్యాక, స్టాఫ్ రూములో, టీ తాగుతూ, నిట్టూర్చి మరీ అనాలి: "ఇప్పటి పిల్లలకు మన కళల మీద ఆసక్తి లేదండీ." అందరూ తలలూపుతారు. ఆ టైముకు మెట్ల మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇంకా గజ్జెలు విప్పకుండా, మైకు లేకుండా, తమలో తాము అడుగులు సరిచూసుకుంటూ ఉండొచ్చు. కిటికీ వేసుకుని చెప్పండి.

14. పేపరు వార్త ముందురోజే రాయండి.

శీర్షిక వెతకొద్దు, "అంబరాన్నంటిన సంక్రాంతి సంబరాలు" ఉండనే ఉంది. మొదటి వాక్యంలో అతిథి, రెండో వాక్యంలో అతిథి, మూడో వాక్యంలో కరస్పాండెంటు, ప్రిన్సిపాల్, మీరు. చివర "విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు". ఏ విద్యార్థి, ఏం చేసింది అన్నది రాయడం మొదలుపెడితే పేర్లు తప్పులు పడి తలనొప్పి. బిల్లుల సంగతి: షామియానా ఒకటి వేస్తే రెండు రాయడం పాత పద్ధతి. మీరు కొత్త పద్ధతిలో వేదిక మీద భోగిమంట కార్యక్రమం పెట్టండి. పాత కాగితాలు వేసి వెలిగించడం ఆచారమే కాబట్టి నిరుటి వోచర్లు కూడా అందులోనే వెయ్యొచ్చు. ఆడిటు వాళ్లు వచ్చినప్పుడు ఆ ఫొటో చూపించండి, జియోట్యాగు ఉంటుంది.

15. ఉత్సాహవంతుల విషయంలో ఉదాసీనత వద్దు.

అన్నీ సజావుగా ముగిసి, ఫ్లెక్సీ చుట్టి బీరువాలో పెడుతుండగా ఒక పిల్ల వస్తుంది. సెకండియరు. "సార్, మా ఊర్లో మా జేజినాయన చెక్కభజన గురువు. మాకు నేర్పిస్తానంటాండాడు. వచ్చే ఏడు నిజంగా చేద్దామా సార్? జూన్ నుంచే మొదలుపెడతాం, హాలు తాళాలు సాయంత్రం పూట ఇస్తే చాలు." మీ సర్వీసులో ఇంతకు మించిన గండం రాదు. ఒప్పుకుంటే ప్రతి సాయంత్రం ఆరు దాకా మీరు కాలేజీలో ఉండాలి, ఆ పెద్దాయనకు చార్జీలు ఇప్పించాలి, ఆఖరికి కార్యక్రమం బాగా జరిగి ఏటా మిమ్మల్నే కన్వీనరుగా వేస్తారు. కాదనకూడదు కూడా, కాదంటే ప్రిన్సిపాల్ దగ్గరికి పోతుంది. నవ్వండి. "శభాష్ తల్లీ" అనండి. ఆ పిల్ల పేరు అక్కడికక్కడే రాసుకుని వచ్చే ఏడు కుర్చీల కమిటీకి ఇన్‌చార్జిగా వేసేయండి. తాళాలు అడిగింది కాబట్టి స్టోరు రూము తాళం ఇవ్వండి, కుర్చీలు అందులోనే ఉంటాయి.